చండీగఢా, మొహాలీయా, పంచకులా? ట్రైసిటీలో ఇల్లు ఎక్కడ తీసుకోవాలి

బదిలీ ఆర్డర్‌లో చండీగఢ్ అని ఉంటుంది. తీరా చూస్తే ఆఫీసు మొహాలీలో ఉంటుంది. బడ్జెట్‌కు సరిపోయే అద్దె ఇల్లేమో పంచకులలోనో జిరక్‌పూర్‌లోనో దొరుకుతుంది. బ్యాంకు ఉద్యోగులు, డిఫెన్స్ వాళ్లు, సాఫ్ట్‌వేర్ పిల్లలు, ఇక్కడి పెద్ద వైద్య విద్యాసంస్థ పీజీఐలో సీటు వచ్చిన డాక్టర్లు, ఇలా ఇక్కడికి వచ్చే మనవాళ్లలో చాలామందికి మొదటి వారంలోనే ఎదురయ్యే చిక్కు ఇది. మ్యాప్‌లో చండీగఢ్, మొహాలీ, పంచకుల మూడూ కలిసి ఒకే ఊరు, అందుకే ట్రైసిటీ అంటారు. రోడ్డు మీద వెళ్తుంటే ఫలానా సిగ్నల్ దగ్గర రాష్ట్రం మారిందని తెలియను కూడా తెలియదు. ఇంట్లోకి దిగాక మాత్రం బాగానే తెలుస్తుంది. కరెంటు బిల్లు, బండి నంబరు, పిల్లల స్కూల్లో చదవాల్సిన భాష, ఫిర్యాదు తీసుకునే పోలీస్ స్టేషన్, అన్నీ ఆ గీతకు ఏ పక్కన ఉన్నామన్నదాన్ని బట్టే ఉంటాయి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇక్కడ ఊరి పేరు చూసి ఇల్లు వెతక్కూడదు. రోజూ పొద్దున ఎటు వెళ్లాలో, ఇంటి చిరునామా ఏ ప్రభుత్వం కిందకు వస్తుందో చూసుకుంటే సగం పని అయిపోయినట్టే. అద్దె, గాలీ వెలుతురూ ఆ తర్వాత.

నేల వాలు, వాగులు

శివాలిక్ కొండలు ఈశాన్యాన ఉంటాయి. అక్కడి నుంచి నేల నైరుతి వైపు మెల్లగా వాలుతుంది. పడమర పటియాలా కీ రావ్, తూర్పున సుఖ్నా చో, ఈ రెండు వాగుల నడుమ చండీగఢ్ కట్టారు. ఏడాదిలో ఎక్కువ కాలం ఎండిపోయి కనిపించే ఈ వాగులు వానాకాలంలో ఒక్కసారిగా పొంగుతాయి. సుఖ్నా చోకు 1958లో అడ్డుకట్ట వేయడంతో ఏర్పడిందే సుఖ్నా సరస్సు. ఇంకా తూర్పుకు వెళ్తే ఘగ్గర్ నది, దాని ఒడ్డున పంచకుల. నైరుతి వైపు చదును నేలలో మొహాలీ పెరిగింది. ఆగ్నేయాన, ఢిల్లీ వెళ్లే హైవే మీద జిరక్‌పూర్ ఉంది.

ఇల్లు చూసుకునేవాళ్లకు ఈ వాలుతో పనేమిటని అనుకోవద్దు. సుఖ్నా గేట్లు ఎత్తితే ఆ నీళ్లు బల్టానా, జిరక్‌పూర్ మీదుగానే ఘగ్గర్‌లో కలవాలి. 2023 జూలై వానలకు ఈ చుట్టుపక్కల ఏం జరిగిందో ఇక్కడివాళ్లను ఎవరినడిగినా చెబుతారు. ఆ దిగువ ప్రాంతాల్లో గ్రౌండ్ ఫ్లోర్ చూపిస్తే, ఆ వానల్లో వీధిలో నీళ్లు ఎంతవరకు వచ్చాయో ఇంటి ఓనర్‌ను కాదు, ఎదురింటివాళ్లను అడగండి.

వాతావరణంలో మూడింటికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. మే, జూన్‌లలో నలభై డిగ్రీలు దాటుతుంది. డిసెంబరు చివర, జనవరిలో పొగమంచు, గడ్డకట్టించే చలి. హైదరాబాద్ చలికి అలవాటుపడి స్వెట్టర్ ఒక్కటి పట్టుకొస్తే చాలదు. పై అంతస్తు ఇళ్లు ఎండాకాలం కుంపటిలా ఉంటాయి కాబట్టి, అద్దె కాస్త తక్కువని టాప్ ఫ్లోర్‌కు తొందరపడకండి. తగ్గిన ఆ అద్దె ఏసీ బిల్లుకు పోతుంది.

సెక్టర్ల లెక్క

1947 విభజనలో లాహోర్ పాకిస్తాన్‌కు పోయాక పంజాబ్‌కు రాజధాని లేకుండా పోయింది. కొత్త రాజధానికి మొదటి ప్లాన్ వేసింది అమెరికా ప్లానర్ ఆల్బర్ట్ మేయర్, ఆయనతో పనిచేసిన పోలిష్ ఆర్కిటెక్ట్ మాథ్యూ నొవిట్స్కీ. 1950లో నొవిట్స్కీ విమాన ప్రమాదంలో చనిపోయారు. 1951లో ఆ పని లె కార్బూజియే చేతికి వచ్చింది. ఆల్బర్ట్ మేయర్ గీసిన వంపుల రోడ్లను ఆయన దాదాపు తిన్నగా గీసి గళ్ల నగరంగా మార్చారు. ఆయన బంధువు పియెర్ జన్నెరె, ఇంగ్లండ్ దంపతులు మాక్స్‌వెల్ ఫ్రై, జేన్ డ్రూ కలిసి ఇళ్లు, స్కూళ్లు, మార్కెట్లు డిజైన్ చేశారు.

మామూలుగా ఒక సెక్టర్ 800 మీటర్ల వెడల్పు, 1200 మీటర్ల పొడవు ఉంటుంది. స్కూలు, కూరగాయలు, పార్కు, డిస్పెన్సరీ నడిచి వెళ్లే దూరంలో ఉండాలన్నది దాని వెనకున్న ఆలోచన. పెద్ద రోడ్లు సెక్టర్ చుట్టూ పోతాయి, లోపలికి రావు. సెక్టర్ మధ్యగా వెళ్లే బజారు వీధికి ఒక పక్క దుకాణాల వరుస ఉంటుంది. ఇళ్లు పెద్ద రోడ్డుకు వీపు తిప్పి ఉంటాయి. మన ఊళ్లలో మెయిన్ రోడ్డు మీద ఇల్లంటే గొప్ప, ఇక్కడ అది లెక్కలోకే రాదు.

ఉత్తరాన, కొండల కింద 1తో మొదలై దక్షిణానికి వచ్చేకొద్దీ నంబరు పెరుగుతుంది. దానికి తగ్గట్టే జనం పెరుగుతారు, స్థలాలు చిన్నవవుతాయి. 1 నుంచి 30 వరకు మొదటి దశ, లక్షన్నర మందికి. 31 నుంచి 47 వరకు రెండో దశ, మరో మూడున్నర లక్షల మందికి. మొత్తం అయిదు లక్షల కోసం గీసిన ఊరు ఇది. 2011 జనాభా లెక్కల నాటికే 114 చదరపు కిలోమీటర్లలో 10.55 లక్షల మంది ఉన్నారు. మిగిలినవాళ్లంతా ఎక్కడికి పోవాలి? మొహాలీ, పంచకుల, జిరక్‌పూర్ అంత పెరగడానికి పెద్ద కారణం ఈ లెక్కే. నగరం చుట్టూ ఇష్టమొచ్చినట్టు కట్టకుండా 1952లో పెరిఫెరీ కంట్రోల్ చట్టం తెచ్చారు, 1962లో దాని పరిధిని పది మైళ్లకు పెంచారు. ఇప్పుడు ఎయిర్‌పోర్ట్ రోడ్డు వెంట ఉన్న టవర్లు చూస్తే ఆ చట్టం ఏమైందో అర్థమవుతుంది.

కొత్తగా వచ్చినవాళ్లను నంబర్లు బాగా తికమక పెడతాయి. సెక్టర్ 20 చండీగఢ్‌లోనూ ఉంది, పంచకులలోనూ ఉంది. పంచకులలో సెక్టర్ 5 ఒకటైతే, మన్సా దేవి కాంప్లెక్స్‌లోని సెక్టర్ 5 ఇంకొకటి. దాన్ని ఎండీసీ సెక్టర్ 5 అంటారు. మొహాలీలో ఫేజ్ నంబరు, సెక్టర్ నంబరు రెండూ నడుస్తాయి. ఫేజ్ 7 అన్నా అక్కడి సెక్టర్ 61 అన్నా ఒకటే, ఫేజ్ 9 అంటే సెక్టర్ 63. మళ్లీ 61, 63 నంబర్లలో కొంత భాగం చండీగఢ్ కిందకు వస్తుంది. అందుకని ప్రకటనలో సెక్టర్ నంబరు చూసి సంబరపడకండి, పక్కన ఏ ఊరు రాసి ఉందో చూడండి. అది రాయకపోతే బ్రోకర్‌ను మొదట అడగాల్సింది అదే.

మూడు చోట్లా మూడు ప్రభుత్వాలు

1966 నవంబరు 1న పంజాబ్ నుంచి హర్యానాను విడదీశారు. చండీగఢ్ రెండింటికీ రాజధాని, తను మాత్రం కేంద్రపాలిత ప్రాంతం. 1985 రాజీవ్–లోంగోవాల్ ఒప్పందం ప్రకారం 1986 జనవరి 26న దాన్ని పంజాబ్‌కు అప్పగించాలి. అది జరగలేదు. ఆ వివాదం ఇప్పటికీ ఎన్నికల ముందు తలెత్తుతుంటుంది. అద్దెకు ఉండేవాళ్లు దాని గురించి టెన్షన్ పడాల్సిన పనిలేదు.

చండీగఢ్‌కు శాసనసభ లేదు, ముఖ్యమంత్రి లేడు. 1984 నుంచి పంజాబ్ గవర్నరే ఇక్కడ అడ్మినిస్ట్రేటర్. కింద ఐఏఎస్ యంత్రాంగం. ఆనవాయితీగా డిప్యూటీ కమిషనర్ హర్యానా కేడర్ నుంచి, ఎస్ఎస్పీ పంజాబ్ కేడర్ నుంచి వస్తారు. ప్రజలు నేరుగా ఎన్నుకునేది ఒక లోక్‌సభ సభ్యుణ్ని, మున్సిపల్ కార్పొరేషన్‌లో 35 మంది కౌన్సిలర్లను. మేయర్‌ను ఎన్నుకునేది కౌన్సిలర్లు, ఓటున్న ఎంపీ. పదవి ఏడాదే. మన దగ్గర మేయర్‌కు అయిదేళ్లుంటుంది, ఇక్కడ ప్రతి జనవరిలో కొత్త పోరు. 2024లో అది దేశమంతా చూసిన గొడవైంది. ప్రిసైడింగ్ అధికారి ఎనిమిది ఓట్లు చెల్లవని పక్కన పెడితే, ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ ఫలితాన్ని కొట్టేసి ఆప్ అభ్యర్థి కుల్దీప్ కుమార్‌ను మేయర్‌గా ప్రకటించింది.

ఇదంతా మామూలు మనిషికి ఎలా తగులుతుందంటే, రోడ్డు గుంత గురించో చెత్త గురించో అడగడానికి కౌన్సిలర్ ఉంటాడు. ఇంటి నియమాలు, భూమి, పోలీసు, పెద్ద ప్రాజెక్టులు మాత్రం అధికారుల చేతిలో ఉంటాయి. ఎమ్మెల్యే దగ్గరకు వెళ్లి పని చేయించుకునే అలవాటున్నవాళ్లకు ఇది వింతగా ఉంటుంది. నాకైతే దీంతో పెద్ద ఇబ్బంది లేదు. పనులు కాగితం మీద ఎలా ఉంటే అలాగే, నిదానంగా జరుగుతాయి.

మొహాలీ పూర్తిగా పంజాబ్. అసలు పేరు సాహిబ్జాదా అజీత్ సింగ్ నగర్. 2006లో జిల్లా అయింది. ఆన్‌లైన్ ఫారాల్లో జిల్లా పేరు వెతికేటప్పుడు మొహాలీ కనిపించక కంగారు పడతారు, ఎస్ఏఎస్ నగర్ అన్నదే అది. ప్లానింగ్, ప్లాట్ల వ్యవహారం గమాడా అనే సంస్థది. మొహాలీ నగరం ఆనంద్‌పూర్ సాహిబ్ లోక్‌సభ స్థానంలో ఉంది. అదే జిల్లాలోని జిరక్‌పూర్ పటియాలా స్థానంలోకి వస్తుంది. పంచకుల హర్యానా జిల్లా, 1995లో ఏర్పడింది. అంబాలా లోక్‌సభ స్థానం. సెక్టర్ల అభివృద్ధి హెచ్ఎస్‌వీపీ అనే హర్యానా ప్రభుత్వ సంస్థది, పాతవాళ్లు ఇప్పటికీ హుడా అనే అంటారు. హర్యానాలో మేయర్‌ను జనమే నేరుగా ఎన్నుకుంటారు. మూడింటికీ ఉమ్మడిగా ఉన్నది హైకోర్టు ఒక్కటే, సెక్టర్ 1లో.

ఇక జేబుకు తగిలే తేడాల్లోకి వద్దాం. పంజాబ్‌లో 2022 జూలై నుంచి ఇళ్లకు నెలకు 300 యూనిట్ల వరకు కరెంటు ఉచితం. బిల్లు రెండు నెలలకు వస్తే 600 యూనిట్లు. అది దాటితే జనరల్ కేటగిరీ వాళ్లు మొత్తం యూనిట్లకూ కట్టాలి, పై యూనిట్లకు మాత్రమే అనుకుంటే పొరపాటు. ఎండాకాలం రెండు ఏసీలు నడిపే ఇంట్లో ఇది మిగలదు. ఒంటరిగా ఉండేవాళ్లకు, మార్చి, అక్టోబరు లాంటి నెలల్లో మాత్రం సున్నా బిల్లు నిజంగానే వస్తుంది. ఒకే మీటర్ మీద ఓనర్, మీరు ఇద్దరూ ఉంటే ఆ లాభం గాలికి పోతుంది, కాబట్టి విడి మీటర్ ఉందో లేదో చూసుకోండి. చండీగఢ్‌లో 2025 ఫిబ్రవరి నుంచి విద్యుత్ పంపిణీ ప్రైవేటు కంపెనీ చేతికి వెళ్లింది. పంచకులకు హర్యానా డిస్కం ఇస్తుంది.

బండి నంబరు చండీగఢ్‌లో సీహెచ్, మొహాలీలో పీబీ 65, పంచకులలో హెచ్ఆర్ 03తో మొదలవుతుంది. మన టీఎస్, ఏపీ బండిని తెచ్చుకుంటే పన్నెండు నెలలు దాటాక కొత్త రాష్ట్రంలో రీ రిజిస్ట్రేషన్ చేయించాలన్నది మోటారు వాహనాల చట్టం మాట. కేంద్ర ప్రభుత్వ, బ్యాంకు, డిఫెన్స్ ఉద్యోగాల్లో ఉండి కొత్త బండి కొనేవాళ్లు 2021లో వచ్చిన బీహెచ్ సిరీస్ తీసుకుంటే ఈ తలనొప్పి ఉండదు. ఇక చండీగఢ్ ట్రాఫిక్ పోలీసుల కటువుతనం మూడు ఊళ్లలోనూ ప్రసిద్ధి. జీబ్రా గీత దాటి చక్రం ఆపినా చలానే. మొహాలీలో ఎలా తోలినా ఫర్వాలేదని చెప్పడం లేదు, కానీ సరిహద్దు దాటగానే జనం సీటు బెల్టు సర్దుకోవడం మీరే చూస్తారు.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు ఒక ఊరట. హెచ్ఆర్ఏ (ఇంటి అద్దె భత్యం) విషయంలో మొహాలీ, పంచకులలకు కూడా చండీగఢ్ రేటే, వై కేటగిరీ, వర్తిస్తుంది. హెచ్ఆర్ఏ కోసమని చండీగఢ్ లోపలే ఇరుక్కోవాల్సిన అవసరం లేదు.

స్కూలు పిల్లలున్న ఇంటికి అసలు ప్రశ్న

పిల్లలు చదువుకునే వయసులో ఉంటే పైన చెప్పినవన్నీ రెండో వరుసలోకి వెళ్తాయి. పంజాబ్‌లో ఒకటో తరగతి నుంచి పదో తరగతి వరకు పంజాబీ తప్పనిసరి. 2008 చట్టం, 2021 సవరణ ప్రకారం అది సీబీఎస్ఈ స్కూళ్లకూ వర్తిస్తుంది. ఒకటో తరగతి పిల్లకు ఇది సమస్యే కాదు, ఆరు నెలల్లో మీకే పంజాబీ నేర్పుతుంది. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఏడో తరగతి దాకా చదివి వచ్చిన పిల్లాడికి గురుముఖి లిపి దగ్గర కష్టం మొదలవుతుంది. బయటి నుంచి వచ్చిన పిల్లలకు ఏమైనా వెసులుబాటు ఇస్తారా అన్నది అడ్మిషన్‌కు ముందే స్కూల్లో రాతపూర్వకంగా అడగండి. చండీగఢ్‌లో, పంచకులలో ఆ ఒత్తిడి లేదు, హిందీతో సరిపోతుంది. చండీగఢ్ పరిపాలనలో అధికార భాష ఇంగ్లిషు కావడంతో దరఖాస్తులు, నోటీసులు చదువుకోవడానికి మనవాళ్లకు సులువే.

పదకొండు, పన్నెండు తరగతుల పిల్లలుంటే ఇంకో సంగతి. సెక్టర్ 12లోని పంజాబ్ ఇంజినీరింగ్ కాలేజీ, అందరూ పెక్ అంటారు, సగం సీట్లు చండీగఢ్ స్కూళ్లలో పన్నెండు పాసైనవాళ్లకు ఇస్తుంది. ఇక్కడ చూసేది ఇల్లు ఎక్కడుందని కాదు, స్కూలు ఎక్కడుందని. మొహాలీలో ఉంటూ చండీగఢ్ స్కూల్లో చదివించినా లెక్కలోకి వస్తుంది. చండీగఢ్‌లో ఉంటూ ఆఫీసు దారిలో ఉందని మొహాలీ స్కూల్లో చేర్పిస్తే రాదు. కోచింగ్ సెంటర్లతో టై అప్ ఉన్న స్కూల్లో వేసేటప్పుడు స్కూలు అఫిలియేషన్ ఏ చిరునామా మీద ఉందో చూడకుండా సంతకం చేయకండి.

ఏ ఊళ్లో ఎలాంటి ఇల్లు

చండీగఢ్ ఉత్తర సెక్టర్లు, అంటే 2 నుంచి 11 దాకా, మంత్రుల, జడ్జీల, పాత డబ్బున్నవాళ్ల కోఠీలు, అంటే పెద్ద బంగళాలు. అక్కడ మనకు దొరికేది ఎక్కువగా వెనక వైపు ఔట్‌హౌస్ లాంటి పోర్షనే, దాని అద్దెకు దక్షిణాన మంచి రెండు బెడ్‌రూముల ఇల్లు వస్తుంది. మధ్య సెక్టర్లు, 18 నుంచి 24 వరకు, పాత ఇళ్లు, పెద్ద చెట్లు, బస్సులకు దగ్గర. నా ఓటు వీటికే, ఇల్లు కాస్త పాతదైనా సరే. కింద ఓనర్, పైన అద్దెకు అనే పద్ధతి ఇక్కడ ఎక్కువ. శాకాహారులకే ఇస్తామనేవాళ్లు ఎదురవుతారు, ముందే మాట్లాడుకోండి. ఇంకా దక్షిణానికి వస్తే హౌసింగ్ బోర్డు ఫ్లాట్లు, 48 నుంచి 51 వరకు కోఆపరేటివ్ సొసైటీల ఫ్లాట్లు. గేటు, వాచ్‌మన్, లిఫ్ట్ కావాలనుకునే కుటుంబాలకు ఈ సొసైటీలు నప్పుతాయి. సెక్టర్ 31లో కార్తికేయ స్వామి గుడి, 47లో అయ్యప్ప గుడి ఉండటంతో దక్షిణాది కుటుంబాలు ఈ వైపు కలుస్తుంటాయి. పడమర అంచున డడ్డూ మాజ్రా చెత్త డంపింగ్ యార్డ్ ఉంది. ఆ దాపున ఇల్లు చూస్తే సాయంత్రం గాలి వీచేటప్పుడు వెళ్లి చూడండి, పొద్దున కాదు.

కొనడం వేరే కథ. సెక్టర్ 1 నుంచి 30 వరకు ఇళ్లను అంతస్తులుగా విడగొట్టి అపార్ట్‌మెంట్లలా మార్చడం కుదరదని 2023 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ తీర్పుకు కారణం నగర వారసత్వ స్వరూపాన్ని కాపాడాలన్న వాదనే. అంటే ఆ సెక్టర్లలో ఎవరైనా ఫ్లోర్ అమ్ముతానంటే, మీకు వచ్చేది ఫ్లోరా, ఇంట్లో ఒక వాటానా అన్నది లాయర్‌కు చూపించకుండా అడ్వాన్స్ ఇవ్వకండి.

మొహాలీలో ఫేజ్ 3బీ2, ఫేజ్ 7 లాంటి పాత ఫేజుల్లో స్థిరపడిన పంజాబీ కుటుంబాల ఇళ్లు, బలమైన మార్కెట్లు ఉంటాయి. కొత్త మొహాలీ అంతా ఎయిర్‌పోర్ట్ రోడ్డు వెంట ఉన్న టవర్లు. బిజినెస్ స్కూల్ ఐఎస్‌బీ, సైన్స్ విద్యాసంస్థ ఐసర్ రెండూ సెక్టర్ 81లో, ఫార్మసీ విద్యాసంస్థ నైపర్ 67లో. 1980ల నుంచి చిప్‌లు తయారుచేస్తున్న సెమీకండక్టర్ లేబొరేటరీ కూడా మొహాలీలోనే. విమానాశ్రయం రన్‌వే చండీగఢ్ వైమానిక స్థావరానిదే అయినా, ప్రయాణికుల టెర్మినల్ 2015 నుంచి మొహాలీ వైపు ఉంది. నెలకోసారి హైదరాబాద్ వెళ్లొచ్చేవాళ్లకు ఇది చిన్న సౌకర్యం కాదు. టవర్లలో కొనేవాళ్లు పంజాబ్ రెరాలో ప్రాజెక్టు నంబరు, లైసెన్సు ఏ భూమి మీద ఇచ్చారు అన్నవి చూడాలి. ఇదే జిల్లాలోని ఖరార్, జిరక్‌పూర్ చుట్టూ అనుమతి లేని కాలనీల సమస్య పాతదే.

పంచకుల ఈ మూడింటిలో నెమ్మదైన ఊరు. రిటైరైన అధికారులు, సైనిక కుటుంబాలు ఎక్కువ. వెస్టర్న్ కమాండ్ కేంద్రం చండీమందిర్ పక్కనే. పాత సెక్టర్లు ఘగ్గర్‌కు ఇవతల, 23 నుంచి 28 వరకు ఘగ్గర్ అవతల. అవతల అద్దెలు తక్కువ, వంతెన దాటే బెడద ఎక్కువ. సెక్టర్ 20 అంతా గ్రూప్ హౌసింగ్ సొసైటీలే. చండీగఢ్ రైల్వే స్టేషన్‌కు పంచకుల వైపు నుంచి కూడా దారి ఉంది. ఢిల్లీ దాకా శతాబ్దిలో వెళ్లి అక్కడి నుంచి తెలుగు రాష్ట్రాల బండి ఎక్కేవాళ్లకు ఇంతకంటే దగ్గర లేదు. హర్యానాలో స్థిరపడాలనుకుంటే ప్రభుత్వ సేవలకు పరివార్ పహచాన్ పత్ర అనే ఫ్యామిలీ ఐడీ అడుగుతారు, ఆ పని మొదట్లోనే చూసుకోవడం మంచిది.

జిరక్‌పూర్ గురించి మొహమాటం లేకుండా చెబుతాను. తక్కువ డబ్బుకు కొత్త ఫ్లాట్ అక్కడే దొరుకుతుంది. హైవే ట్రాఫిక్, బోరు నీళ్లు, వానాకాలం, మూడూ దాంతోపాటే వస్తాయి. ఆఫీసు కూడా ఆ పక్కనే ఉంటే తప్ప నేను సిఫారసు చేయను.

ఈ ప్రాంతానికి మెట్రో లేదు. చండీగఢ్ ప్రభుత్వ రవాణా సంస్థ సీటీయూ బస్సులు మూడు ఊళ్లనూ కలుపుతాయి కానీ రాత్రి పొద్దుపోయాక ఆటో, క్యాబ్‌లే దిక్కు. మధ్య మార్గ్ పంచకుల వైపు నుంచి పీజీఐ వైపు నగరాన్ని అడ్డంగా కోస్తుంది. దక్షిణ్ మార్గ్ ట్రిబ్యూన్ చౌక్ నుంచి పడమరకు పోతుంది. ఆఫీసు వేళ ఆ చౌక్ దగ్గరా, పంచకుల సరిహద్దున హౌసింగ్ బోర్డ్ లైట్ పాయింట్ దగ్గరా ఎంతసేపు నిలబడాలో ఒక్క సోమవారం చూసి వస్తే చాలు. మొహాలీలో ఉద్యోగం, పంచకులలో ఇల్లు అనే జోడీ అక్కడే రద్దవుతుంది.

ఆదివారం ఎటు

చూడదగ్గవాటిని బట్టి ఇల్లు ఎంచుకోమని అనను. అయినా సాయంత్రం నడకకు సుఖ్నా దగ్గరలో ఉండటం, లేకపోవడం మధ్య తేడా ఉంది. సెక్టర్ 1లోని క్యాపిటల్ కాంప్లెక్స్, అంటే సచివాలయం, అసెంబ్లీ, హైకోర్టు, 2016లో యునెస్కో వారసత్వ జాబితాలోకి వెళ్లాయి. ఏడు దేశాల్లోని లె కార్బూజియే కట్టడాలు పదిహేడింటిలో ఇదొకటి. గుర్తింపు కార్డు చూపించి గైడెడ్ టూర్‌లో వెళ్లాలి. ఒకే అసెంబ్లీ భవనంలో రెండు రాష్ట్రాల శాసనసభలు నడవడం అక్కడ కళ్లారా చూడొచ్చు. ఓపెన్ హ్యాండ్ శిల్పాన్ని లె కార్బూజియే పోయిన ఇరవై ఏళ్లకు, 1985లో నిలబెట్టారు. ఆయన గీసిన గవర్నర్ భవనం అసలు కట్టనే లేదు. సెక్టర్ 19లో పాత ఆర్కిటెక్టుల ఆఫీసును లె కార్బూజియే సెంటర్‌గా మార్చారు, జనం తక్కువగా వెళ్లే మంచి చోటు. పియెర్ జన్నెరె చితాభస్మాన్ని ఆయన కోరిక ప్రకారం సుఖ్నాలోనే కలిపారు.

రాక్ గార్డెన్ సంగతి ఇంకా ముచ్చటైంది. నెక్ చంద్ అనే రోడ్ ఇన్‌స్పెక్టర్, పగిలిన గాజులు, పింగాణీ, కూల్చిన ఊళ్ల శిథిలాలు మోసుకొచ్చి ఏళ్ల తరబడి అడవి చాటున ఎవరికీ తెలియకుండా కట్టుకున్నాడు. బయటపడ్డాక కూల్చాలా వద్దా అన్న చర్చ నడిచి, 1976లో జనానికి తెరిచారు. గీత తప్పకుండా కట్టిన ఊరికి అనుమతి లేని ఆ తోటే అన్నిటికంటే ఎక్కువ మందిని రప్పిస్తోంది.

పంచకుల వైపు మన్సా దేవి గుడి (నవరాత్రుల్లో ఆ చుట్టుపక్కల ఇల్లుంటే కారు బయటకు తీయలేరు), సెక్టర్ 5లో కాక్టస్ గార్డెన్, ఇంకా పైకి పింజోర్ మొఘల్ తోట, మోర్నీ కొండలు. చండీగఢ్‌కు పేరిచ్చిన చండీ గుడి కూడా హర్యానా వైపే ఉంది. మొహాలీకి ఇలాంటివి తక్కువ. ఫేజ్ 8లో అంబ్ సాహిబ్ గురుద్వారా, 2011 ప్రపంచ కప్‌లో భారత్, పాకిస్తాన్ సెమీఫైనల్ ఆడిన స్టేడియం చెప్పుకోవాలి.

ఎవరికి ఏది

రెండు మూడేళ్ల పోస్టింగ్, స్కూలుకు వెళ్లే పిల్లలు ఉంటే చండీగఢ్ మధ్య, దక్షిణ సెక్టర్లు. ఇల్లు చిన్నదైనా భాష, రవాణా, ఆస్పత్రి మూడూ కుదురుతాయి. ఇంట్లో వాళ్లకు పీజీఐలో దీర్ఘకాలం వైద్యం నడుస్తుంటే అది ఉన్న సెక్టర్ 12 పక్కనే 11, 15 సెక్టర్లలో గది చూసుకోవడం మేలు. 15లో విద్యార్థుల పీజీలు కూడా చాలా ఉన్నాయి.

పెళ్లికాని సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, ఆఫీసు మొహాలీలో: మొహాలీనే. ఆలోచించేదేం లేదు. ఆఫీసు చండీగఢ్‌లోనే పంచకుల వైపు ఉన్న మనీమాజ్రా పక్కన ఐటీ పార్క్‌లో అయితే లెక్క తిరగబడుతుంది, అప్పుడు ఎండీసీ, పంచకుల దగ్గర. సొంతిల్లు కొని ఇక్కడే ఉండిపోదామనుకునే పెద్దవాళ్లకు నేను పంచకుల చెబుతాను, ఘగ్గర్‌కు ఇవతల సెక్టర్లు. మొహాలీ ధర పెరుగుతుందని వాదించేవాళ్లున్నారు, పెరగొచ్చు కూడా. పెట్టుబడి కోసమైతే అది. ఉండటానికైతే ఇది.

మూడు చోట్లా అద్దెకు దిగగానే పోలీస్ స్టేషన్‌లో టెనెంట్ వెరిఫికేషన్ చేయించమనండి. చండీగఢ్‌లో అది ఓనర్ బాధ్యత, చేయించకపోతే కేసు పెడతారు. ఓనర్ బద్ధకిస్తే ఫారం మీరే నింపి ఆయన సంతకం తీసుకోండి.

ఇక ఇంటర్ అయ్యాక ఇక్కడి ప్రైవేటు యూనివర్సిటీల్లో చేరే పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు. చండీగఢ్ యూనివర్సిటీ చండీగఢ్‌లో లేదు. అది మొహాలీ జిల్లా ఘరువాన్‌లో, ఖరార్ దాటాక ఉంది. చిత్కారా పంజాబ్ క్యాంపస్ రాజ్‌పురా దారిలో, పటియాలా జిల్లాలో ఉంది. నగరం లోపల, సెక్టర్ 14లో ఉన్నది పంజాబ్ యూనివర్సిటీ, అది వేరే సంస్థ. ఘరువాన్‌లో సీటు తీసుకుని చండీగఢ్ సెక్టర్‌లో పీజీ బుక్ చేస్తే రోజూ బస్సులోనే చదువుకోవాలి. హాస్టల్ లేదంటే ఖరార్ వైపే గది వెతకండి, నగరానికి శనివారం రావచ్చు.